ఉల్టా సీదా

పెళ్లి వీడియో చూపించి ఎవరినైనా అడగండి, ఇది సినిమాలా ఎందుకు లేదని. లైటింగు బాగాలేదంటారు. పాటలు కుదరలేదంటారు. హీరోయిన్ లేదు కదా అని నవ్వేస్తారు. అసలు కారణం మాత్రం చాలామందికి తట్టదు. సినిమాలో దగ్గరగా తీసిన షాట్లలో కథానాయిక ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంటుంది. వెనకున్న చెట్లూ దీపాలూ మంచులో కరిగిపోయినట్టు మెత్తగా కనిపిస్తాయి. పెళ్లి వీడియోలో అలా కాదు. పెళ్లికూతురు ఎంత స్పష్టంగా ఉంటుందో, ఆమె వెనక ప్లాస్టిక్ కుర్చీలో పాన్ నములుతున్న బాబాయి కూడా అంతే స్పష్టంగా ఉంటాడు. ఆయన వెనక గోడకున్న ఫ్యూజు బాక్సు కూడా!

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు వీడియో తీస్తున్నవాణ్ని నేను. ఆ బాబాయినీ, ఆ ఫ్యూజు బాక్సునూ ఎలా మసకబార్చాలా అని ఒకప్పుడు నిద్ర మానుకుని ఆలోచించినవాణ్ని కూడా. ఆ ఆలోచన నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందంటే, 2008లో ఓ పెళ్లి పందిట్లో పెళ్లికూతుర్ని తలకిందులుగా చూసేదాకా.

కంగారుపడకండి. పిల్ల నేల మీదే కూర్చుంది. నా కెమెరాలోనే తలకిందులైంది.

కాస్త వివరంగా చెప్పాలి. అప్పట్లో పెళ్లిళ్లకు వాడిన సోనీ పీడీ170 లాంటి క్యామ్‌కార్డర్లలో బొమ్మను పట్టే సెన్సరు చాలా చిన్నది. వెడల్పు ఐదు మిల్లీమీటర్ల లోపే. వేలిగోరులో సగం అనుకోండి. అదే పాత ఫిల్ము స్టిల్ కెమెరాలో ఒక్కో ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. బొమ్మ పడే చోటు చిన్నదైతే లెన్సు కూడా చిన్నది చాలు. అలాంటి లెన్సుకు దగ్గరిదీ దూరానిదీ దాదాపు ఒకేలా స్పష్టంగా కనిపిస్తాయి. ముందు నుంచి వెనక్కి ఎంత లోతు వరకు స్పష్టంగా ఉందో దాన్నే మా భాషలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటాం. బాబాయి, ఫ్యూజు బాక్సు అందులో ఇరుక్కుపోతారు.

దీనికి కొందరు తెలివైనవాళ్లు ఓ ఉపాయం కనిపెట్టారు. క్యామ్‌కార్డరు ముందు ఒక గొట్టం తగిలిస్తారు. ఆ గొట్టం చివర నికాన్ స్టిల్ కెమెరా లెన్సు. లోపల ఒక గరుకు గాజు పలక. నికాన్ లెన్సు అంచు నుంచి సరిగ్గా 46.5 మిల్లీమీటర్ల దూరంలో ఆ గాజును పెడితే, ఎదుటి దృశ్యం దాని మీద పెద్ద బొమ్మగా పడుతుంది. సినిమాలో మాదిరిగా ముఖం స్పష్టంగా, వెనకంతా మసకగా. మన క్యామ్‌కార్డరు చేసే పనల్లా ఆ గాజు మీది బొమ్మను దగ్గర్నుంచి తీయడమే. గాజు గరుకుతనం వీడియోలో కనబడకుండా ఒక చిన్న మోటారు దాన్ని తిప్పుతూనో వణికిస్తూనో ఉంటుంది.

జర్మనీలో మ్యూనిక్‌కు చెందిన పీ ప్లస్ ఎస్ టెక్నిక్ అనే సంస్థ మినీ35 పేరుతో ఇలాంటి అడాప్టరు తెచ్చింది. అది మాబోటివాళ్లకు అందేది కాదు. ఆ తర్వాత లీటస్, రెడ్‌రాక్, బ్రెవిస్ లాంటివి తక్కువ ధరలో వచ్చాయి. తక్కువంటే, అప్పట్లో ఓ కొత్త బైకు ధరకు అటూ ఇటూగా. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో అవి హైదరాబాద్ చేరేవి. నాకూ అలాగే ఒకటి చేరింది, తిప్పే పరికరం లేని సాదా రకం.

చిక్కేమిటంటే, లెన్సు ఏదైనా బొమ్మను తలకిందులు చేసే పడేస్తుంది. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. మామూలు క్యామ్‌కార్డరులోనూ అంతే జరుగుతుంది. కానీ సెన్సరు మీది బొమ్మను ఏ మూల నుంచి చదవాలో తయారుచేసినవాళ్లే సర్దిపెట్టి ఉంటారు కాబట్టి మనకు తెలియదు. ఇక్కడ ముందు ఇంకో లెన్సు వచ్చి చేరింది. అది తిప్పిన బొమ్మను క్యామ్‌కార్డరు నమ్మకంగా, తిప్పినది తిప్పినట్టే తీస్తుంది.

మొయినాబాద్ దగ్గరి ఆ పెళ్లిలో పెళ్లికూతురి నాయనమ్మ నా పక్కకొచ్చి కెమెరా తెరలోకి తొంగిచూసింది. చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"గిదేంది బిడ్డా! మా పోరిని ఉల్టా ఏలాడదీసినవ్?"

"సీడీ ఇచ్చేనాటికి సీదా అయితది అవ్వా."

"సీడీ సంగతి తర్వాత. పెండ్లినాడు పిల్లను ఉల్టా సూస్తర్రా ఎవలన్న?"

ఆమెకు నేనేం చెప్పగలను? కాంతి శాస్త్రం చెప్పనా? శుభమా అని పెళ్లి జరుగుతుంటే పిల్ల తలకిందులుగా కనబడటం ఆ ఇంటి పెద్దకు నచ్చలేదు. ఆమె బాధలో న్యాయముంది. ఆ క్షణం నుంచి, బొమ్మను సీదా చేసే పరికరం కొనాలా వద్దా అన్న ప్రశ్న నాకు సాంకేతిక విషయంగా మిగల్లేదు. పెళ్లివారి మనసుకు సంబంధించిన విషయమైపోయింది.

నిజానికి తలకిందుల బొమ్మ కొత్త వింత కాదు. హంపిలో విరూపాక్షుడి గుడికి వెళ్లినవాళ్లకు గైడు తప్పకుండా చూపించే చోటొకటుంది. వెనకవైపు చీకటి గదిలాంటి మండపంలో, చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగుతో, రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. అక్కడ ఏ లెన్సూ లేదు, రాతిలో రంధ్రమే. మన సికింద్రాబాద్‌లో 1880లలో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా వెలిగిన రాజా దీన్‌దయాళ్ సంగతి తీసుకోండి. ఆ కాలపు పెద్ద కెమెరాల వెనక గరుకు గాజే ఉండేది. నల్లగుడ్డ కప్పుకుని అందులోకి చూస్తే నవాబులూ ఏనుగులూ కోటలూ అన్నీ తలకిందులే. ఆ బొమ్మ చూసే అంతటి ఫోటోలు తీశారు.

అంతదాకా ఎందుకు? మన కంటి వెనక తెర మీద పడే బొమ్మ కూడా తలకిందులే. దాన్ని సీదాగా అర్థం చేసుకునేది మెదడు. అమెరికాకు చెందిన జార్జ్ స్ట్రాటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1890లలో లోకాన్ని తలకిందులు చేసే అద్దాలు కంటికి కట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. మొదట్లో తడబడ్డాడు. తర్వాత్తర్వాత పనులు చేసుకోగలిగాడు. అలవాటైతే ఏదైనా సాధ్యమే. కానీ పెళ్లి కెమెరామన్‌కు అలవాటు పడటానికి అన్ని రోజులు ఎవరిస్తారు? ముహూర్తం ఉదయం 10 గంటల 42 నిమిషాలకంటే, 10 గంటల 42 నిమిషాలకే.

అందుకే తిప్పే మార్గాలన్నీ ఒక్కొక్కటే తూచి చూశాను.

మొదటిది, అందరూ గొప్పగా చెప్పింది, ఫ్లిప్ పరికరం. గరుకు గాజుకూ క్యామ్‌కార్డరుకూ మధ్య ప్రిజాలు గానీ అద్దాలు గానీ అమర్చి, బొమ్మను అక్కడికక్కడే సీదా చేస్తుంది. పొలాల దగ్గర పక్షుల్ని చూసేవాళ్ల చేతిలోని బైనాక్యులర్లలో ఉండేది కూడా ఇలాంటి ప్రిజాల ఏర్పాటే. అవి లేకపోతే వాళ్లకు కొంగలన్నీ కాళ్లు పైకెత్తి ఎగురుతాయి. లీటస్ ఎక్స్‌ట్రీమ్‌లో ఈ ఏర్పాటు లోపలే ఉండేది. బ్రెవిస్‌కైతే విడిగా కొని తగిలించుకోవాలి. హైదరాబాద్‌లో పొట్టి సినిమాలు తీసే మిత్రుడొకడు తన ఫ్లిప్ అడాప్టరును రెండు రోజులు నాకిచ్చాడు.

పరీక్షకు మొయినాబాద్‌ను మించిన చోటు లేదు. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు రెండూ ఆ పక్కనే. వాటిలోకి నీరొచ్చే దారులు చెడిపోకూడదని 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది. దాంతో చాలాకాలం ఆ వైపు ఆకాశం ఆకాశంలానే ఉండిపోయింది. తోటలు, గులాబీ మళ్లు, ఫామ్‌హౌసులు. ఓ ఫామ్‌హౌసు పెళ్లిలో పగటిపూట ఆ పరికరంతో తీశాను. అద్భుతం! పసుపు రాసే చేతులు స్పష్టంగా, వెనక బంతిపూల తోరణాలు పసుపుపచ్చటి మబ్బుల్లా. తెరలో అన్నీ సీదా. పిల్లలు తొంగిచూసి కేరింతలు కొట్టారు. ఏ అవ్వా గుండెల మీద చెయ్యేసుకోలేదు.

సాయంత్రానికి అసలు బండారం బయటపడింది. కాంతి గాజులోంచి, ప్రిజంలోంచి, అద్దం మీంచి వెళ్లిన ప్రతిసారీ కొంత సుంకం కట్టి వెళ్లాలి. గరుకు గాజు తీసుకునే వాటా ఎటూ ఉంది. దాని మీద ఫ్లిప్ పరికరం మరికొంత. మా లెక్కలో ఒక స్టాపు తగ్గిందంటే వెలుతురు సగమైందన్నమాట. పగలు ఆ నష్టం తెలియదు. రాత్రి పూట పల్లెటూరి పందిట్లో, జనరేటరు మీద వెలిగే ట్యూబులైట్ల కింద బాగా తెలుస్తుంది. ఇంకో వెయ్యి వాట్ల వీడియో లైటు తెచ్చి ముఖం మీద కొడితే పెళ్లికూతురు కళ్లు చికిలిస్తుంది. పురోహితుడు అసలే ఊరుకోడు. పైగా బరువు. కెమెరా ముందుకు వంగిపోతుంటే కింద కడ్డీలు, ఆసరా కావాలి. రాత్రి బరాత్‌లో రెండు గంటలు దాన్ని మోస్తే మర్నాడు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడానికి చెయ్యి రాలేదు.

రెండో మార్గం అయస్కాంతం. నవ్వకండి. క్యామ్‌కార్డరు తెరను మన వైపు నుంచి ఎదుటివారి వైపు తిప్పితే బొమ్మ దానంతటదే మారుతుంది కదా. కొన్ని మోడళ్లలో తెర తిరిగిందని కెమెరాకు చెప్పేది అక్కడ దాచిన చిన్న అయస్కాంతమే. బయటి నుంచి ఇంకో అయస్కాంతం సరైన చోట అంటిస్తే, తెర తిరిగిందనుకుని కెమెరా బొమ్మను తిప్పేస్తుంది. ఖర్చు దాదాపు సున్నా. కానీ కొన్నింటిలో కిందిది పైకొచ్చినా కుడి ఎడమలు అద్దంలోలాగే ఉండిపోతాయి. కుడివైపు నడిచేవాడు తెరలో ఎడమకు పోతుంటే, కెమెరా ఎటు తిప్పాలో చేతికి తోచదు. అదీగాక టేపు తిరిగే యంత్రం పక్కనే అయస్కాంతం పెట్టాలంటే నాకు గుండె పీచుపీచుమంది. జనం జీవితంలో ఒక్కసారి జరిగే వేడుక ఆ టేపులో ఉంటుంది మరి.

మూడో మార్గం, ఉల్టాగా తీసి తర్వాత ఎడిటింగులో తిప్పడం. కంప్యూటరులో 180 డిగ్రీలు అంటే చాలు, అయిపోతుంది. వినడానికి బాగుంది. మన వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. మూడు గంటల పెళ్లంటే 2,70,000 ఫ్రేములు. ఒక్కోదాన్నీ కంప్యూటరు తిప్పి మళ్లీ రాసుకోవాలి. సాయంత్రం పని అప్పజెప్పి పడుకుంటే, తెల్లారేదాకా అది గురక పెడుతూనే ఉండేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆనాటి వీడియోలో ఒక్కో ఫ్రేమును సరి గీతలూ బేసి గీతలూ అని రెండు భాగాలుగా, ఒకదాని తర్వాత ఒకటి తీసేవారు. బొమ్మను తిప్పితే సరి గీతలు బేసి స్థానాల్లోకి, బేసివి సరి స్థానాల్లోకి వెళ్తాయి. దాన్ని సవరించకపోతే ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు వస్తుంది. కూర్చున్న మనిషికి ఏమీ కాదు. తీన్మార్ ఆడే కుర్రాళ్ల చేతులు మాత్రం మలేరియా వచ్చినట్టు వణుకుతాయి. ఒక్క గీత కిందికో పైకో జరిపితే ఆ వణుకు పోతుంది.

ఫ్లిప్ పరికరం కొంటే ఈ బాధలేవీ ఉండవు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో చిట్టీ ఎత్తే నెల వచ్చింది. ఆ డబ్బుతో పొలంలో బోరు వేయించాలని అంతకు ముందే అనుకున్నాం. పాత బోరు ఎండి రెండేళ్లయింది. టమాటా తోట కళ్లముందే వాడిపోయింది. ఒకవైపు నీళ్లు, ఒకవైపు అద్దాలు. మా ఆవిడకు ఫ్లిప్ పరికరం గురించి అరగంట సేపు బొమ్మలు గీసి మరీ వివరించాను. ఆమె ఓపిగ్గా విని ఒకే మాట అంది.

"గన్ని పైసలు పోసి బొమ్మను తిప్పుడెందుకు? చూసే టీవీనే ఉల్టా పెట్టుకోండ్రి."

నాలుగో మార్గం అదే. కెమెరామన్లకు తెలియనిది కాదు. కానీ ఆ మాట ఇంట్లోంచి వస్తే కొట్టిపారేయడం కష్టం. కార్లలో సినిమాలు చూడటానికి పెట్టే ఏడంగుళాల తెర ఒకటి తెచ్చాను. క్యామ్‌కార్డరు నుంచి దానికి వైరు. నడుముకు బ్యాటరీ. తెరను తలకిందులుగా బిగిస్తే బొమ్మ సీదా. పైకి కిందే కాదు, కుడి ఎడమలు కూడా సరిగ్గా ఉంటాయి. కాంతి ఒక్క చుక్క కూడా పోదు. టేపులో ఎటూ ఉల్టాయే ఉంటుంది కాబట్టి ఎడిటింగులో తిప్పక తప్పదు. కానీ పెళ్లిలో చూసేవాళ్ల కంటికి అంతా సవ్యంగానే ఉంటుంది.

ఇక్కడిదాకా లెక్క తేలిపోయినట్టే. అయితే తూచేటప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది. పరికరాల గురించి రాసేవాళ్లు దాన్ని అంతగా పట్టించుకోరు.

తలకిందుల బొమ్మలో చూసినన్నాళ్లూ నా ఫ్రేములు బాగుపడ్డాయి. అబద్ధం కాదు. సీదా బొమ్మలో మన కన్ను నేరుగా ముఖం మీదికే పోతుంది. ముఖం కనిపించాక మిగతాదేదీ చూడదు. అదే తలకిందులైతే ముఖం ముఖంలా అనిపించదు. ఒక గుండ్రటి ఆకారం, అంతే. అప్పుడు మూలనున్న కరెంటు తీగ కనిపిస్తుంది. పందిరి గుంజ పెళ్లికొడుకు నెత్తిలోంచి మొలిచినట్టుందని తెలుస్తుంది. ఓ పక్కన ఒంటరిగా కూర్చున్న ముసలాయన కనిపిస్తాడు. బొమ్మలు వేసేవాళ్లు కూడా తమ బొమ్మను తలకిందులుగా పెట్టి తప్పులు వెతుక్కుంటారట. నల్లగుడ్డ కింద దూరిన పాత ఫోటోగ్రాఫర్లకు ఆ మేలు ఊరికే దక్కిందన్నమాట.

కానీ ముఖంలో ఏముందో చెప్పమంటే మాత్రం తలకిందుల బొమ్మ ముంచేస్తుంది. 1980లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసే పీటర్ థాంప్సన్ ఒక తమాషా చేశాడు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్లనూ నోటినీ మాత్రం తిప్పి అతికించాడు. ఫోటో మొత్తాన్ని తలకిందులుగా చూపిస్తే చూసినవాళ్లకు పెద్ద తేడా కనబడలేదు. సీదా చేయగానే భయంకరంగా కనబడింది. తలకిందులైన ముఖంలో భావం చదవడం మనకు అంత కష్టం.

చేవెళ్ల దగ్గర ఓ పెళ్లిలో అది కళ్లారా చూశాను. అప్పగింతల వేళ. పెళ్లికూతురి తండ్రి గంభీరమైన మనిషి. పొద్దుటి నుంచీ వంటల దగ్గరా వసతుల దగ్గరా అరుస్తూ తిరుగుతున్నాడు. కూతురి చేతులు పాలపళ్లెంలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెడుతున్నాడు. నా కెమెరా తెరలో ఆయన తలకిందులుగా ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనే అనిపించింది. లైటు పట్టుకున్న మా తమ్ముడు నేరుగా చూస్తున్నాడు కాబట్టి నా భుజం తట్టి, "అన్నా, కెమెరా తిప్పకు. ఏడుస్తుండు" అన్నాడు. ఆగాను. ఆయన ముఖం మీదే ఆగాను. ఇంటికొచ్చి కంప్యూటరులో సీదా చేసి చూస్తే, అంతటి మనిషి కింది పెదవి పళ్లతో నొక్కిపెట్టి, గడ్డం వణక్కుండా ఆపుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఆ షాటు కోసం ఆ కుటుంబం తర్వాత మా ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది.

అందుకే చేవెళ్లలో వెల్డింగు షాపుకెళ్లి కారు తెరకు ఒక బ్రాకెట్టు చేయించాను. ఒక బోల్టు, రెండు స్థానాలు. ఫ్రేము సర్దుకునేటప్పుడు తెర మామూలుగా ఉంటుంది, అంటే బొమ్మ ఉల్టా. తీగలూ గుంజలూ మూలన కూర్చున్నవాళ్లూ అన్నీ చూసుకుంటాను. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు వచ్చేసరికి బోల్టు వదులు చేసి తెర తిప్పుతాను. ముఖాలు సీదా. పక్కన నిలబడే అవ్వలకూ అమ్మలకూ సీదా. బరాత్‌కైతే అడాప్టరే పీకేసి ఉత్త కెమెరాతో పరిగెత్తేవాణ్ని. వెలుతురు తక్కువైన చోటా, మనుషులు గెంతే చోటా సినిమా అందం కోసం పాకులాడటం దండగ.

చిట్టీ డబ్బులు బోరుకే పోయాయి. నీళ్లు పడ్డాయి. రెండించుల నీళ్లు.

ఆ తర్వాత కాలం మా లెక్కలన్నిటినీ ఒక్క తన్ను తన్నింది. 2008 ఆగస్టులో నికాన్ డీ90 అనే స్టిల్ కెమెరా ప్రకటించారు. అది వీడియో కూడా తీస్తుంది. మరుసటి నెలలోనే కెనాన్ 5డీ మార్క్ 2. దాని సెన్సరు పాత ఫిల్ము ఫ్రేమంత ఉంటుంది. గొట్టం వద్దు, గరుకు గాజు వద్దు, ప్రిజం వద్దు. బొమ్మ సీదా. బాబాయి దానంతటదే మసక. 2011లో రామ్‌గోపాల్‌వర్మ 'దొంగల ముఠా' సినిమాను అలాంటి కెనాన్ కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశారు. అడాప్టర్ల వ్యాపారం చల్లబడింది. ఇప్పుడైతే ఫోనులో పోర్ట్రెయిట్ మోడు నొక్కితే వెనకదంతా లెక్కగట్టి మసకబారుస్తుంది. నా గొట్టం బీరువా పైన దుమ్ము పట్టింది.

పోయిందనుకున్న ఆ తలకిందుల కాలం ఈమధ్య మా ఇంట్లోకి మళ్లీ వచ్చింది.

2009లో మా పెద్దనాన్నతో ఓ గంట మాట్లాడించి టేపు చేశాను. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డులో, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా ఇరువైపులా మర్రిచెట్లుంటాయి. తొమ్మిది వందలకు పైగా ఉన్నాయని లెక్క తేల్చారు. నిజాం కాలంలో నాటారంటారు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా, ఉంచాలా అన్న తగవు తర్వాతి కాలంలో గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ రోజుల్లో అంత తెలియదు. ఓ చెట్టు కింద కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాను. ఫ్రేము సర్దుతూ ఉల్టా తెరలో చూశాను. ఊడలన్నీ పైకి పెరుగుతున్నాయి, కొమ్మలు కిందికి పోతున్నాయి. గీతలో పదిహేనో అధ్యాయంలో వేళ్లు పైకి, కొమ్మలు కిందికి ఉన్న చెట్టు గురించి విన్నవాళ్లకు నా ఆశ్చర్యం అర్థమవుతుంది. అది అశ్వత్థం, ఇది మర్రి, అంతే తేడా. పెద్దనాన్న ముఖం కన్నా ముందు ఆ చెట్టు కంటికి కనబడింది. దాన్ని మసకబార్చడానికి మనసొప్పలేదు. లెన్సు రంధ్రం బాగా తగ్గించి, చెట్టు కూడా తెలిసేలా తీశాను. అలా తగ్గిస్తే గాజు గరుకు బొమ్మలో కనబడుతుంది. కనబడనీ అనుకున్నాను.

పెద్దనాన్న ఇప్పుడు లేడు. ఎడిటింగు చేసి సీదాగా పెట్టుకున్న వీడియో హార్డ్ డిస్కుతో పాటే పోయింది. మిగిలింది అసలు టేపు ఒక్కటే. అందులో ఆయన తలకిందులుగానే ఉన్నాడు.

మీ ఇళ్లల్లో కూడా పాత పెళ్లి టేపులుంటే, ఆ క్యామ్‌కార్డరు తిరుగుతుండగానే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. టేపు ఉన్నా దాన్ని చదివే యంత్రం ఉండదు కొన్నాళ్లకు. నేనూ ఆ పనిలోనే, మొన్న దసరా సెలవుల్లో కెమెరాను టీవీకి తగిలించి పెద్దనాన్న టేపు వేశాను. ఇంటిల్లిపాదీ చేరారు. టీవీ గోడకు బిగించింది, తిప్పడానికి లేదు. పెద్దనాన్న మాటలు వినబడుతున్నాయి. ఆయనేమో పైనుంచి వేలాడుతున్నాడు. తలలు వంచి చూడలేక పెద్దవాళ్లు కళ్లు మూసుకుని వింటున్నారు.

ఆయన మునిమనవరాలికి ఏడేళ్లు. ఆయన్ను ఎన్నడూ చూడలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల అంచు మీంచి కిందికి వేలాడేసి టీవీ వైపు చూసింది. జడ నేలకు తగులుతోంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"సీదా కనవడ్తుండా తాత?" అని అడిగాను.

"ఆఁ. తాత ఎనక గంత పెద్ద చెట్టున్నది, అది యాడుంటది?" అంది.